మొక్కజొన్న నూనె: పోపుకా, పూరీలకా, ఆవకాయకా?

మారతహళ్ళి కోడలు అడిగారు:

అందరికీ నమస్కారం. మా ఇంట్లో రోజువారీ వంటకి సన్‌ఫ్లవర్, పండగ పిండివంటలకి వేరుశనగ నూనె. మామగారికి చెడ్డ కొలెస్ట్రాల్ కాస్త ఎక్కువుందని రిపోర్టు వచ్చింది. అప్పట్నుంచి కనిపించినవాళ్ళందరూ కార్న్ ఆయిల్‌కి మారమని ఒకటే చెప్పడం. ఇక్కడ బెంగళూరులో పెద్ద సూపర్‌మార్కెట్లలో దొరుకుతోంది గానీ సన్‌ఫ్లవర్ కంటే ఖరీదు. కొనేముందు తెలిసినవాళ్ళని అడుగుదామని.

ఇందులో నిజంగా ప్రత్యేకం ఏముంది? పూరీలో గారెలో వేయించాక మిగిలిన నూనె మళ్ళీ వాడొచ్చా? ఆవకాయకి పప్పునూనె బదులు ఇది పోస్తే ఏమవుతుంది? ఇంకోటి, ఒక ఆర్గానిక్ దుకాణంలో "గానుగ మొక్కజొన్న నూనె" అని సీసా కనబడింది, మామూలు దానికి రెట్టింపు ధర. అది తీసుకోవడం మేలా? నలుగురం ఉంటాం, అన్ని నూనెలూ కలిపి నెలకి ఐదు లీటర్లు అవుతోంది.

నూనెగింజలు:

మీ గానుగ ప్రశ్నతో మొదలుపెడతానండీ. అది తేలితే ఈ నూనె ఏమిటో సగం తెలిసిపోతుంది.

రాత్రి నానబెట్టిన ఎండు మొక్కజొన్న గింజ ఒకటి తీసుకోండి. కండెకి అంటుకుని ఉండే మొనవైపు, చదునుగా ఉన్న ముఖం మీద, చిన్న నాలుకలా పాలరంగు మచ్చ ఒకటి కనిపిస్తుంది. అక్కడ గోటితో గిల్లితే ఆ ముక్క ఊడి చేతిలోకొస్తుంది. అదే మొలక భాగం. దాన్ని ఆరబెట్టి, తెల్లకాగితం మడతలో పెట్టి, చెంచా వెనకవైపుతో నలపండి. కాగితం మీద జిడ్డు మరక పడుతుంది. మిగతా గింజని ఎంత నలిపినా పిండే తప్ప జిడ్డు కనబడదు. గింజ బరువులో ఈ మొలక పదోవంతు, అటూ ఇటూగా. గింజలో ఉన్న నూనెలో నూటికి ఎనభై పాళ్ళు ఆ చిన్న ముక్కలోనే దాక్కుని ఉంటుంది. మొత్తం గింజ లెక్కన చూస్తే నూనె 4 శాతం దగ్గర. నువ్వుల్లో 50, వేరుశనగ పప్పులో 45–50 శాతం. అందుకే ఆ రెండూ గానుగలో పోస్తే నూనె కారుతుంది. మొక్కజొన్న పోస్తే రవ్వ వస్తుంది, అంతే.

కాబట్టి ఇది స్టార్చ్ ఫ్యాక్టరీల్లో పక్కసరుకుగా పుట్టే నూనె. గింజల్ని 50 డిగ్రీల దగ్గర వేడి ఉన్న నీళ్ళలో, కొద్దిగా సల్ఫర్ డయాక్సైడ్ కలిపి, 30 నుంచి 50 గంటలు నానబెడతారు. తర్వాత బరకగా విరగ్గొడితే మొలక చితక్కుండా విడిపోతుంది. నూనె ఉండటం వల్ల అది తేలిక, నీళ్ళలో పైకొస్తుంది. సుడి తిప్పే యంత్రాల్లో వేరుచేసి ఆరబెడతారు. ఆ ఎండిన మొలకలో నూనె 40–50 శాతానికి చేరుతుంది, అప్పుడుగానీ యంత్రంలో పిండటానికి గిట్టుబాటు కాదు. పిండాక మిగిలిన చెక్కలోని నూనెని హెక్సేన్ అనే ద్రావకంతో లాగుతారు. ఇలా వచ్చిన ముడి నూనె ముదురు ఎర్రగోధుమ రంగులో ఉంటుంది, రుచి కూడా బాగోదు. జిగురు తీసి, క్షారంతో విడి ఆమ్లాలు తీసి, రంగు తీసి, చల్లబరిచి మైనం వడగట్టి, ఆఖర్న గాలి తీసేసిన గదిలో 230 డిగ్రీల పైన ఆవిరి పట్టించి వాసన పోగొడితే, మీరు డబ్బాలో చూసే లేత పసుపు నూనె. అమెరికాలో 1911లో మజోలా పేరుతో వంటింట్లోకి వచ్చిన దగ్గర్నుంచి పద్ధతి మూలంలో ఇదే.

ఇక ఆ సీసా. ఎవరైనా మొలకే విడిగా తెప్పించి ఆడించి ఉంటే అసాధ్యమేం కాదు. అలా పిండి శుద్ధి చెయ్యకుండా పెట్టిన నూనెకి ముదురు రంగు, ఉడికిన కండెల వాసన ఉండి తీరాలి. నూనె లేత పసుపుగా, వాసన లేకుండా ఉండి పైన "గానుగ" అని రాసుంటే మాత్రం డబ్బులు దండగ. నన్నడిగితే రెండూ కొనద్దనే అంటాను. గానుగ రుచి కావాలంటే నువ్వులు, వేరుశనగ ఉండనే ఉన్నాయి.

(కర్ణాటకలో మొక్కజొన్న పంటకి పేరు దావణగెరె, హావేరి వైపు. విచిత్రమేంటంటే దావణగెరెకి ఊరూరా పేరు తెచ్చింది మాత్రం వెన్న దోసె.)

లెక్క తప్పదు:

డబ్బా మీద "కొలెస్ట్రాల్ లేనిది" అని రాయడం అబద్ధం కాదు, కానీ ఏ గింజ నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు. ఆవాల నూనెకీ పామాయిల్‌కీ కూడా అదే మాట రాసుకోవచ్చు. దాన్ని చదివి ఎక్కువ ధర పెట్టకండి.

చూడాల్సింది కొవ్వు రకాల పంపకం. 100 గ్రాముల మొక్కజొన్న నూనెలో శాచురేటెడ్ (నెయ్యి, వెన్నలో ఎక్కువుండే రకం) 13 గ్రాములు, మోనో అన్‌శాచురేటెడ్ 27–28, పాలీ అన్‌శాచురేటెడ్ 54–55. ఆ పాలీలో దాదాపు అంతా లినోలిక్ ఆమ్లం, అంటే ఒమేగా-6. ఒమేగా-3 ఒక్క గ్రాము పైన చిల్లర. విటమిన్ ఇ 14 మిల్లీగ్రాములు. మీరు ఇప్పుడు వాడే మామూలు సన్‌ఫ్లవర్‌లో లినోలిక్ ఇంకాస్త ఎక్కువ, శాచురేటెడ్ రెండు మూడు గ్రాములు తక్కువ, విటమిన్ ఇ 40 పైన. కాబట్టి విటమిన్ ఇ కోసం మారితే మీకు నష్టమే. విటమిన్ ఇ అంటే టోకోఫెరాల్ లాంటి పదార్థాల గుంపు, మొక్కజొన్నలో అందులో గామా రకం టోకోఫెరాల్ ఎక్కువ. అది నూనె పాడవకుండా బాగా కాపలా కాస్తుంది గానీ ఒంటికి విటమిన్‌గా లెక్కలోకి వచ్చేది ఆల్ఫా రకమే.

నిజంగా చెప్పుకోదగ్గది ఫైటోస్టెరాల్స్. పేగులో కొలెస్ట్రాల్‌తో పోటీపడి అది రక్తంలోకి వెళ్ళకుండా అడ్డుపడే పదార్థాలివి. ఈ నూనెలో టేబుల్‌స్పూనుకి 100 మిల్లీగ్రాముల పైన ఉంటాయి, చాలా నూనెలకంటే మెరుగు. కానీ చెడ్డ కొలెస్ట్రాల్ స్పష్టంగా తగ్గాలంటే రోజుకి 2 గ్రాముల దగ్గర కావాలి. ఆ లెక్కన పదిహేను టేబుల్‌స్పూన్లు తాగాలి, అంటే పద్ధెనిమిది వందల కేలరీలు. అయ్యే పని కాదు.

గుండె సంగతి రెండువైపులా చెప్పాలి. 2015లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో 54 మందికి 21 రోజులు ఒక నూనె, 21 రోజులు ఇంకో నూనె ఇస్తే, ఎక్స్‌ట్రా వర్జిన్ ఆలివ్ నూనెతో చెడ్డ కొలెస్ట్రాల్ 3.5 శాతం, మొక్కజొన్న నూనెతో 10.9 శాతం తగ్గింది. డబ్బు పెట్టింది మొక్కజొన్న నూనె అమ్మే కంపెనీయే, అది గుర్తుంచుకోండి. దీనికి ఎదురుగా అమెరికాలో 1968–73 మధ్య మిన్నెసోటాలో తొమ్మిది వేల పైచిలుకు మంది మీద పెద్ద ప్రయోగం జరిగింది. శాచురేటెడ్ కొవ్వు తీసేసి మొక్కజొన్న నూనె పెట్టారు. కొలెస్ట్రాల్ తగ్గింది, మరణాలు మాత్రం తగ్గలేదు. పూర్తి లెక్కలు 2016లో గానీ బయటికి రాలేదు. చాలామంది ఆ ఆహారం మీద ఏడాది కూడా లేరన్నది దాని లోపం. 2007లో అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ నూనె డబ్బా మీద గుండెకి మేలన్న మాట రాసుకోనిచ్చింది, కానీ "ఆధారాలు చాలా పరిమితం, ప్రాథమికం" అనే షరతు మాటతో సహా. రోజుకి 16 గ్రాములు, అదీ శాచురేటెడ్ కొవ్వుకి బదులుగా, మొత్తం కేలరీలు పెరగకుండా.

ఆ "బదులుగా" అన్న మాట దగ్గరే మీ జవాబు ఉంది. నెయ్యి, డాల్డా, వెన్న, పామాయిల్ ఉన్నచోట ఇది వస్తే లాభం. సన్‌ఫ్లవర్ ఉన్నచోట వస్తే ఒక పాలీ నూనె పోయి ఇంకో పాలీ నూనె వచ్చినట్టు. మీ మామగారి రిపోర్టు దానివల్ల కదలదు. మందు సంగతి డాక్టరు చూస్తారు.

కదిలించగలిగేది మీరు చివర రాసిన ఐదు లీటర్లు. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో 2000 కేలరీల రోజువారీ తిండికి నూనె, కొవ్వులు కలిపి రోజుకి 27 గ్రాములన్నారు. నూనె తేలిక కాబట్టి 27 గ్రాములంటే సుమారు 30 మిల్లీలీటర్లు, రెండు టేబుల్‌స్పూన్లు. నలుగురికి నెలకి 3.6 లీటర్లు. మీరు వాడేది మనిషికి 38 గ్రాములు పడుతోంది, అంటే ప్రతి ఒక్కరికీ రోజూ వంద కేలరీలు అదనం. నెయ్యి, బయట తిండి ఇంకా ఇందులో లేవు. ఒకటో తారీఖున 3.6 లీటర్లు కొలిచి విడిగా పెట్టి, దాంతోనే నెల గడపండి. ఏ నూనె అన్నది ఆ తర్వాత సంగతి.

ఒమేగా-3 లోటుకి: వేయించిన అవిసె గింజల కారప్పొడి. చెంచాడు, అంటే 7 గ్రాముల పొడిలో ఒకటిన్నర గ్రాములు వస్తుంది. పొడి తాజాగా కొట్టుకుని పదిహేను రోజుల్లో అవగొట్టాలి.

బాండీ శాస్త్రం:

వేయించడం గురించి నేను రాస్తాను.

శుద్ధి చేసిన మొక్కజొన్న నూనె పొగ వచ్చే వేడి 230 డిగ్రీల దగ్గర. మన వంటలేవీ అంతదాకా పోవు. అరిసెలు 150–160, జంతికలు 165–175, గారెలు 170–175, పూరీలు 185–190. కాబట్టి మొదటిసారి వేయించడానికి దీనికి వంక పెట్టలేం. రంగు శుభ్రంగా వస్తుంది, నూనె వాసన పిండివంటకి అంటదు.

కానీ పొగ రాకపోవడం వేరు, నూనె నిలవడం వేరు. చాలామంది ఇక్కడే పొరబడతారు. లినోలిక్ ఆమ్లంలో రెండు జంటబంధాలుంటాయి, వేడిలో గాలి పట్టుకునేది వాటినే. ముందు ఆక్సీకరణం, తర్వాత అణువులు ఒకదానికొకటి అతుక్కుని జిగురు. వేయించాక బాండీ అంచు చుట్టూ, నూనె మట్టానికి కాస్త పైన, గోధుమరంగు పట్టీ ఒకటి మిగులుతుంది చూడండి. సబ్బుకి లొంగదు, వేలికి అంటుకుంటుంది, ఆరాక గోటితో గీకితే వార్నిష్ పెచ్చులా లేస్తుంది. అదే ఆ జిగురు. బాండీకి అంటినదే కొంత నూనెలోనూ ఉంటుంది. వేరుశనగ నూనెలో సగం దాకా ఓలిక్ ఆమ్లం, జంటబంధం ఒక్కటే, అందుకని నెమ్మదిగా పాడవుతుంది. పండగకి నాలుగైదు వాయిలు కాదు, మూడు గంటలు పొయ్యి మీదే ఉండే పనైతే మీ వేరుశనగ నూనెనే ఉంచండి, లేదా తవుడు నూనె. మొక్కజొన్న నూనెని అరగంట పూరీలకి వాడండి.

అర లీటరు నూనెకి ఒకసారి ఒక పూరీ, గారెలైతే మూడు. ఎక్కువ వేస్తే వేడి ఒక్కసారిగా ముప్పై డిగ్రీలు పడిపోయి పిండి నూనె తాగుతుంది, తప్పు నూనెదంటారు. గారె నూనె పీలిస్తే చూడాల్సినవి రెండు: రుబ్బేటప్పుడు నీళ్ళు ఎక్కువయ్యాయా, వేడి 160కి దిగిందా. థర్మామీటరు లేకపోతే ఆవగింజంత పిండి వేయండి. అడుగునే కూర్చుంటే ఇంకా కాగలేదు. అడుగుకి వెళ్ళి నిదానంగా తేలితే గారెలకి సరి. పడీపడగానే పైకి లేస్తే పూరీకి సరి. క్షణంలో నల్లబడితే పొయ్యి తగ్గించండి. బెంగళూరు ఎత్తుమీద ఉంది కాబట్టి నీళ్ళు 97 డిగ్రీలకే మరుగుతాయి, పప్పు ఉడకడానికి తేడా పడుతుంది. నూనె వేడికి మాత్రం ఆ బాధ లేదు, పై అంకెలే చెన్నైలోనూ.

మళ్ళీ వాడటం: మిగిలిన నూనె 60 డిగ్రీల లోపుకి, అంటే గిన్నె పట్టుకుంటే చురుక్కుమనేంతకి చల్లారాక, పలచటి గుడ్డ రెండు మడతలేసి స్టీలు లేదా గాజు పాత్రలోకి వడగట్టండి. ఇనుప బాండీలో రాత్రంతా వదిలేయకండి, ఇనుము, రాగి, ఇత్తడి నూనెని తొందరగా పాడుచేస్తాయి. బజ్జీలేసిన నూనెలో శనగపిండి నలుసులు మిగిలితే రెండోసారి అవే మాడి చేదు వస్తుంది. నూనె మీద ఉప్పు చల్లకండి. వడగట్టినదాన్ని రెండు మూడు రోజుల్లో కూరల్లో, పోపుల్లో అవగొట్టండి. ఇంకోసారి వేయించాలంటే ఒక్కసారి, అంతే. పాతదాంట్లో కొత్తది కలిపి మట్టం పెంచడం అలవాటుంటే మానేయండి, పాత జిగురు కొత్త నూనెని కూడా తనదారి పట్టిస్తుంది. హోటళ్ళకైతే 2018 జూలై 1 నుంచి చట్టమే ఉంది: నూనెలో పోలార్ పదార్థాలు (నూనె పాడయ్యేకొద్దీ పెరిగేవి) 25 శాతం దాటితే పారెయ్యాలి. ఇంట్లో ఆ మీటరు ఉండదు కాబట్టి కంటినీ ముక్కునీ నమ్మాలి.

మారతహళ్ళి కోడలు:

ఇంత వివరంగా రాసినందుకు ధన్యవాదాలండీ. నూనె కొలత ఈ నెలే మొదలుపెడతాం. ఒక అనుమానం: వేయించేటప్పుడు అప్పుడప్పుడు నురగ పైదాకా పొంగుతోంది. కొత్త నూనె పోసినా ఒకసారి వచ్చింది. నూనె కల్తీ అనుకోవాలా?

బాండీ శాస్త్రం:

నురగ రకాన్ని బట్టి. కొత్త నూనెలో పెద్ద పెద్ద బుడగలు లేచి వెంటనే పగిలిపోతుంటే అది పిండిలో తడి, భయం లేదు. పెసరపప్పు గారెలకి, గుడ్డు కలిపిన పిండికి నురగ ఎక్కువే వస్తుంది. బాండీకి గిన్నెల సబ్బు సరిగా కడగకుండా మిగిలినా పొంగుతుంది. కొత్త నూనె అయినప్పుడు ముందు దీన్ని అనుమానించండి, నీళ్ళతో మరోసారి కడిగి పొయ్యి మీద తడి ఆర్చి చూడండి. చిన్న చిన్న బుడగలు సబ్బు నురగలా దట్టంగా కమ్మి, పిండి తీసేశాక కూడా నిలబడితే నూనె పని అయిపోయింది. దాంతోపాటు గరిటెతో ఎత్తి పోస్తే చుక్కలుగా కాకుండా పాకంలా సాగుతుంది, 180కే పొగ వేస్తుంది, కమురు వాసన గొంతు పట్టుకుంటుంది. పోపుకి కూడా వద్దు. సింకులో పోయకుండా పాత కాగితాలకి పీల్పించి చెత్తలో వేయండి.

నూనెగింజలు:

బాండీ శాస్త్రం గారు మొక్కజొన్న నూనెని కాస్త ఎక్కువే తిట్టారు. లినోలిక్ అంకె ఒక్కటే చూస్తే ఆయన చెప్పినంత బలహీనంగా ఉండాలి, నిజంగా అలా ఉండదు. గామా టోకోఫెరాల్స్ పుష్కలంగా ఉండటం, ఒమేగా-3 దాదాపు లేకపోవడం వల్ల మామూలు సన్‌ఫ్లవర్, సోయా కంటే బాండీలో మెరుగ్గానే నిలుస్తుంది. చిప్స్ తయారీదార్లు ఏళ్ళ తరబడి వాడింది ఊరికే కాదు. వేరుశనగ ముందు నిలవదన్నది మాత్రం ఒప్పుకుంటాను.

కల్తీ మాట వచ్చింది కాబట్టి: మైనం తీసిన మొక్కజొన్న నూనె ఫ్రిజ్‌లో కూడా తేటగానే ఉంటుంది. చిన్న గాజు సీసాలో వంద మిల్లీలీటర్లు పోసి ఫ్రిజ్ కింది అరలో ఐదారు గంటలు ఉంచండి. అడుగున తెల్లగా గడ్డకడితే పామోలిన్ లాంటిది కలిసిందేమోనని అనుమానించవచ్చు. ఖాయంగా తేల్చేది ల్యాబే. వేరుశనగ నూనెకి ఈ పరీక్ష పెట్టకండి, అది మంచిదైనా చల్లటికి మసకబారుతుంది.

లేబుల్ మీద "బ్లెండెడ్" అన్న మాట వెతకండి. కలిపిన నూనెల్లో ఏదీ 20 శాతానికి తగ్గకూడదని నిబంధన, శాతాలు రాసి ఉండాలి. ముందువైపు మొక్కజొన్న బొమ్మ ఎంత పెద్దగా ఉన్నా వెనక 20 శాతమే ఉండొచ్చు.

చెన్నపట్నం:

ఆవకాయ గురించి ఎవరూ రాయలేదు, నేను అందుకుంటాను. పోయకండమ్మా.

రుచి ఒక్కటే కారణం కాదు. కిలో ముక్కలకి అర లీటరు దాకా నూనె పడుతుంది, అది ఏడాది పొడుగునా జాడీలో ఉప్పు, కారం, ఆవపిండితో కలిసి ఉండాలి. జాడీ మూత తీసిన ప్రతిసారీ గాలి. పప్పునూనెలో సెసమాల్, సెసమాలిన్ అని సొంత కాపలాదార్లు ఉంటాయి, అందుకే ఏడాది దాటినా కమ్మగా ఉంటుంది. పప్పునూనెలోనూ లినోలిక్ 40 శాతం పైనే ఉంది, అయినా నిలుస్తుందంటే వాటివల్లే. శుద్ధి చేసిన మొక్కజొన్న నూనెకి ఆ బలం లేదు. ఊరగాయ చెడిపోయి బూజు పట్టకపోవచ్చు, ఉప్పు దాన్ని ఆపుతుంది. కానీ పైన తేలిన నూనెకి కొన్ని నెలలకే ముక్కిన వాసన వచ్చి, కలిపిన ముద్ద గొంతులో గరగరమంటుంది. రాయలసీమవాళ్ళు వేరుశనగ నూనె పోస్తారు, అది నడుస్తుంది. వారంలో అయిపోయే మామిడి తురుము పచ్చడికో, నిమ్మకాయ తొక్కుకో మొక్కజొన్న నూనె పోసినా నష్టం లేదు, ఇంగువ కొంచెం ఎక్కువ వేయండి.

ఇదే కారణంతో నిలవ సంగతి కూడా. నూనెకి వేడి పది డిగ్రీలు పెరిగితే పాడయ్యే వేగం దాదాపు రెట్టింపు. బెంగళూరులో అల్మరాలో పెట్టిన డబ్బా రెండు నెలలు బాగుంటే మా చెన్నై మే నెలలో నెలకే వాసన మారొచ్చు. పొయ్యి పక్కన కిటికీ గట్టు మీద గాజు సీసాలో పోసి పెట్టడం అన్నిటికంటే చెడ్డ అలవాటు: వేడి, వెలుతురు, గాలి మూడూ ఒకేచోట. ఐదు లీటర్ల డబ్బా చవకని కొనకండి, లీటరు ప్యాకెట్లు తెచ్చుకుని ఒకటి అయ్యాక ఒకటి కత్తిరించండి. నూనె పాత్ర కడగకుండా మళ్ళీ మళ్ళీ నింపితే అడుగున చేరిన పాత మడ్డి కొత్త నూనెకి వాసన అంటిస్తుంది. నెలకోసారి వేడినీళ్ళతో కడిగి, ఎండలో పూర్తిగా ఆర్చి నింపాలి. చుక్క తడి మిగిలినా పోపులో చిటపటలాడి మీదకి చిందుతుంది.

వడగట్టిన నూనెని మూడు రోజులు ఉంచొచ్చని పైన రాశారు. చెన్నై ఎండల్లో మటుకు మర్నాడే అవగొట్టండి.

గుడ్డు లేని కేకు:

అందరూ ఎక్కడ వద్దో చెప్పారు, ఎక్కడ బాగుంటుందో నేను చెప్తాను. నూనె వాసన తెలియకూడని ప్రతిచోటా.

కేకు: రెసిపీలో 100 గ్రాముల వెన్న ఉంటే 80 గ్రాముల మొక్కజొన్న నూనె, ఒక టేబుల్‌స్పూను పాలు లేదా నీళ్ళు వేయండి, ఎందుకంటే వెన్నలో కొవ్వు 80 శాతమే, మిగతాది నీరు. ఫ్రిజ్‌లో పెట్టినా కేకు గట్టిపడదు, నూనె గడ్డకట్టదు కదా. కానీ వెన్నని పంచదారతో గిలక్కొట్టి గాలి పట్టించే రకం కేకులకి ఇది పనికిరాదు, నూనె గాలిని పట్టుకోదు. పెరుగు, సోడా వేసి పొంగించే గుడ్డు లేని కేకులకి మాత్రం చక్కగా కుదురుతుంది. బిస్కెట్లకి వద్దు, పరుచుకుపోతాయి.

పాప్‌కార్న్: మందపాటి గిన్నెలో రెండు టేబుల్‌స్పూన్ల నూనె, మూడు గింజలు వేసి మూత. మూడూ పేలాక గిన్నె దించి అరకప్పు గింజలు పోసి, అర నిమిషం ఆగి మళ్ళీ పొయ్యి మీద పెట్టండి. గింజ 180 డిగ్రీల దగ్గర పేలుతుంది. ఆ విరామంలో గింజలన్నీ సమంగా వేడెక్కి ఒకేసారి పేలతాయి, అడుగున మిగిలేవి తక్కువ. వెన్నతో చేస్తే పేలేలోపే మాడుతుంది. మూత కొంచెం ఓరగా ఉంచండి, లేకపోతే ఆవిరికి మెత్తబడతాయి.

పప్పుచారు, పచ్చడి పోపులకి ఇది వాడితే ఆవాలు బాగానే చిటపటలాడతాయి, కానీ కమ్మదనం సున్నా. మనిషికి రెండు టేబుల్‌స్పూన్ల లెక్కలోనే, పోపు ఈ నూనెతో వేసి, దించాక అర చెంచా పప్పునూనో నెయ్యో పైన వేయండి. వాసన పైనే ఉంటుంది కాబట్టి మొత్తం దాంతో వేసినట్టే అనిపిస్తుంది. గోంగూర పచ్చడికి మాత్రం ఈ సర్దుబాట్లు నడవవు, పూర్తిగా పప్పునూనె పోయాల్సిందే.

ఇంకొక్కటి. బాండీ శాస్త్రం గారు తిట్టిన ఆ వార్నిష్ జిగురే ఇనుప పెనానికి మంచిది. కొత్త దోసెల పెనం కడిగి, పొయ్యి మీద పూర్తిగా ఆర్చి, అర చెంచా తాజా మొక్కజొన్న నూనె గుడ్డతో రుద్దండి. తర్వాత పొడిగుడ్డతో, అసలు నూనే రాయనట్టు కనబడేదాకా తుడిచేయండి. కిటికీలు తెరిచి పెద్ద మంట మీద పొగ వచ్చేదాకా కాచి, పొగ ఆగాక ఇంకో ఐదు నిమిషాలుంచి చల్లార్చండి. ఇలా నాలుగుసార్లు. నూనె మందంగా వదిలేస్తే జిగట మచ్చలై దోసెతో పాటు పెచ్చులూడతాయి, అలాంటప్పుడు ఉప్పుతో రుద్ది కడిగి మళ్ళీ మొదటినుంచి. నాలుగో పూతకి పెనం నల్లగా నిగనిగలాడుతుంది. మొదటి దోసె అయినా అంటుకుంటే ఉల్లిపాయ సగం కోసి, కోసినవైపు రెండు చుక్కల నూనెలో అద్ది రుద్ది పోయండి.